పడవకు ఫ్యాను కుదర్చడం

మన యూనియను సంచికలో ఏటా ప్రేమ మీద పది కవితలూ, నిరుద్యోగం మీద అయిదు కథలూ, హాస్టలు సాంబారు మీద ఒక హాస్యవ్యాసమూ ఉంటాయి. పాత సంచికలు లైబ్రరీలో తిరగేసి చూశాను. పడవ ఫ్యాను మీద మాత్రం ఎవరూ రాసినట్టు లేదు. "సైన్సు వాళ్ళు కూడా ఏదైనా రాయండర్రా, అన్నీ ఆర్ట్సు వాళ్ళవే వస్తున్నాయి" అని కార్యదర్శిగారు నోటీసు బోర్డు దగ్గర పట్టుకుని అడిగారు కనక, నాకు కాస్త బాగా తెలిసిన ఈ ఒక్క సంగతీ రాస్తున్నాను. కవిత్వం ఆశించి ఈ పేజీ తిప్పినవాళ్ళు నిరభ్యంతరంగా తరవాతి పేజీకి వెళ్ళిపోవచ్చు.

ఫ్యాను అంటే ప్రొపెల్లరు. ఆ మాట మా లంకలో ఎవరికీ నోరు తిరగదు. గాలి కొట్టేది ఇంట్లో ఫ్యాను, నీళ్ళు కొట్టేది పడవ ఫ్యాను, అంతే తేడా. నేనూ అలాగే రాస్తాను. మాస్టార్లు క్షమించాలి.

మాది గోదావరి పాయల మధ్య ఒక లంక. చుట్టూ నీళ్ళు, మధ్యన అరటి, కొబ్బరి, కంద, కూరగాయలు. నాన్నకు రెండెకరాల పైచిలుకు భూమి. గెల కోసినా, పాలు పితికినా, పిల్లాడికి జ్వరం వచ్చినా, శుభలేఖ పంచడానికి వెళ్ళాలన్నా రేవు దాటాల్సిందే. ఎండాకాలంలో పాయ సన్నబడితే సగం దూరం ఇసుకమేటల మీద నడిచే పోతాం. జూలై నుంచి అక్టోబరు దాకా మాత్రం పడవే మాకు రోడ్డు.

2022 జూలైలో వచ్చిన వరద మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు పోయింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చిన తరవాత అంత వరద మళ్ళీ అదే. ఆ వరదలో మా ఇంటి అరుగు మీదికి నీళ్ళొచ్చాయి, నీళ్ళతోపాటు పాములూ వచ్చాయి. గొడ్లను మిట్ట మీదికి తోలుతుంటే మా బాబాయిని కాలి మీద పాము కరిచింది. నూట ఎనిమిది బండి రాగలిగిన గట్టు మాకు ఎదురుగా లేదు, రెండు కిలోమీటర్లు ఎగువన ఉంది. పాత చెక్కనావకు అద్దె ఇంజను కట్టి ఆ రెండు కిలోమీటర్లూ ఎదురీదడానికి గంటకు పైగా పట్టింది. పడవలో నేనూ ఉన్నాను. ఒడ్డున ఒక కొబ్బరిచెట్టును గురుతు పెట్టుకుని చూస్తూ కూచున్నాను. చాలాసేపు ఆ చెట్టు ఉన్నచోటే ఉంది. బాబాయి బతికాడు. కాలి మీద నల్లటి మచ్చ, నడకలో కొంచెం కుంటు మిగిలాయి. అప్పటికి నాకు పదిహేడేళ్ళు.

ఆ తరవాత రెండేళ్ళకు, 2024లో, మా లంకలో పద్దెనిమిది కుటుంబాలవాళ్ళం తలా కొంత వేసుకుని పద్దెనిమిది అడుగుల ఫైబరు పడవ ఒకటి, దానికి వెనక తగిలించే పాతిక హెచ్.పి. పెట్రోలు ఇంజను ఒకటి కొన్నాం. మామూలు రోజుల్లో గెలలూ, పాల క్యాన్లూ, బడి పిల్లలూ. వరద వస్తే మనుషులు. అదీ ఒప్పందం.

అమ్మినాయన పట్నం నుంచి వచ్చి, ఇంజను బిగించి, తనూ తన కుర్రాడూ ఇద్దరే ఎక్కి పాయలో ఒక చుట్టు తిప్పి చూపించాడు. పడవ ముక్కు పైకెత్తి, నీళ్ళ మీద చదునుగా పరిగెట్టింది. గంటకు నలభై కిలోమీటర్లని సెల్‌ఫోన్లో చూపించాడు. ఒడ్డున కుర్రకారు ఈలలు వేశారు. ఆయన డబ్బు తీసుకుని సంతోషంగా వెళ్ళిపోయాడు.

మర్నాడు అరటిగెలలు వేసి, ఏడుగురు ఎక్కి బయల్దేరితే అదే పడవ గేదెలా ఈదింది. ముక్కు పైకెత్తుతుంది కానీ చదునుకు రాదు. ఇంజను బరువుగా మూలుగుతుంది. పూర్తిగా తిప్పినా ఇంకా ఏదో అడ్డం పడ్డట్టే ఉంటుంది. మా సరంగు తాత ముప్ఫయ్యేళ్ళు లాంచీల మీద పనిచేసినవాడు. ఆయన ఇంజను వైపు చూడనైనా లేదు, తల వంచి వింటూ కూచున్నాడు. "ఏడుస్తోందిరా ఇది. దీని కాలికి బండ కట్టాడెవడో" అన్నాడు.

ఇంటికొచ్చాక నాన్న నన్ను పిలిచాడు. "ఏరా, ఫిజిక్సు చదువుతున్నావు కదా. లక్షలు పోశాం. ఆ ఇంజనుకేం రోగమో చూడు."

ఇంజనుకు ఏ రోగమూ లేదు. ఫ్యాను బోడె మీద రెండు అంకెలు కొట్టి ఉన్నాయి. అసలు కథంతా అక్కడే ఉంది. మొదటి అంకె వ్యాసం. అంటే ఫ్యాను తిరిగేటప్పుడు గీసే వృత్తపు అడ్డుకొలత, ఇంచీల్లో. రెండోది పిచ్. మనం మొదటి ఏడాది లాబులో స్క్రూగేజి తిప్పిన వాళ్ళమే కదా. తల ఒక పూర్తి చుట్టు తిరిగితే మర ఎంత ముందుకు జరుగుతుందో అది పిచ్. స్క్రూగేజికి అది ఒక మిల్లీమీటరు. మా పడవ ఫ్యానుకు 13 ఇంచీలు. రెక్కల వాలు ఎంత ఎక్కువైతే పిచ్ అంత ఎక్కువ.

అయితే స్క్రూగేజి మర గట్టి ఇనప చుట్టులో తిరుగుతుంది. ఫ్యాను తిరిగేది నీళ్ళలో. నీళ్ళు వెనక్కి జారిపోతాయి. ఒక చుట్టుకు 13 ఇంచీలు పోవాల్సింది పదో, తొమ్మిదో పోతుంది. ఆ తేడానే స్లిప్ అంటారు, జారుడు అనుకోండి. జారుడు లేకుండా పడవ కదలదు, ఎందుకంటే నీళ్ళను వెనక్కి తోస్తేనే మనం ముందుకు పోయేది. కావలసినదానికన్నా ఎక్కువ జారితే పెట్రోలు గోదావరిలో పోసినట్టే.

ఇదంతా నాన్నకు పిచ్ అనీ, స్లిప్ అనీ చెబితే వినడు. ట్రాక్టరుతో చెప్పాను. "నాన్నా, పడవ ఇంజనుకు ముందుకు పోవడానికి ఒకటే గేరు. ట్రాక్టరుకున్నట్టు మొదటి గేరు, రెండో గేరు ఉండవు. ఫ్యానే దాని గేరు. పిచ్ ఎక్కువ ఉన్న ఫ్యాను టాప్ గేరు, తక్కువ ఉన్నది కింది గేరు."

నాన్న ఒక్క క్షణం ఆలోచించాడు. "అంటే వాడు మనకు టాప్ గేరులో దమ్ము చెయ్యమని ఇచ్చి పోయాడన్నమాట" అన్నాడు.

నేను రెండు రోజులు పుస్తకాలు చదివి అర్థం చేసుకున్న సంగతి ఆ ఒక్క ముక్కలో ఉంది. దమ్ముచేలో టాప్ గేరు వేస్తే ట్రాక్టరు ఇంజను గుర్రుపెట్టి ఆగిపోతుంది. పడవ ఇంజను ఆగదు, అదే ప్రమాదం. తక్కువ చుట్లలో, పూర్తి భారంతో, మూలుగుతూ పోతూనే ఉంటుంది. లోపల వేడెక్కుతుంది, మసి పడుతుంది, పిస్టన్ల మీదా బేరింగుల మీదా ఒత్తిడి పెరుగుతుంది. చూసేవాడికి మాత్రం "నడుస్తోంది కదా" అనిపిస్తుంది.

ప్రతి ఇంజనుకూ పూర్తిగా తిప్పినప్పుడు నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలో తయారుచేసినవాళ్ళు పుస్తకంలో రాసి ఇస్తారు. మాదానికి 5,000 నుంచి 6,000 అని ఉంది. ఫ్యాను ఎంపికలో అసలు సూత్రం ఇదొక్కటే: మీరు మామూలుగా మోసే బరువుతో, పూర్తిగా తిప్పినప్పుడు, ఇంజను ఆ హద్దుల మధ్యకు రావాలి. రాకపోతే పిచ్ తగ్గించాలి, దాటిపోతే పిచ్ పెంచాలి. ఒక ఇంచి పిచ్ తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయని లెక్క. ఫ్యాను మింగే శక్తి చుట్ల వేగపు ఘనంతో పెరుగుతుంది కనక, చుట్లు రెండింతలు కావాలంటే శక్తి సుమారు ఎనిమిదింతలు కావాలి. అందుకే ఇంజను ఒక హద్దు దగ్గర చతికిలబడి పోతుంది. దాన్ని తిట్టి లాభం లేదు.

వ్యాసం సంగతి కొంచెం వేరు. మా ఫిజిక్సు మాస్టారి దగ్గరకు వెళ్ళి అడిగితే ఆయన జవాబు చెప్పకుండా నాకే లెక్క ఇచ్చారు. "సెకనుకు 100 కిలోల నీటిని 4 మీటర్ల వేగంతో వెనక్కి తోస్తే ఎంత బలం?" 400 న్యూటన్లు. "400 కిలోల నీటిని 1 మీటరు వేగంతో తోస్తే?" అదీ 400 న్యూటన్లే. "మరి నీళ్ళకు ధారపోసిన గతిజశక్తి?" మొదటిదానికి సెకనుకు 800 జౌళ్ళు, రెండోదానికి 200. అంటే కొద్ది నీటిని విసిరికొట్టడం కంటే ఎక్కువ నీటిని నెమ్మదిగా తోయడం చవక. పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరిగితే లాభమన్నమాట. బరువులు లాగే టగ్గులకు అంతంత ఫ్యాన్లు ఎందుకుంటాయో నాకు అప్పుడు తెలిసింది. పరీక్షలో ద్రవ్యవేగం మీద ఎన్నిసార్లు రాశానో, ఒక్కసారీ దాని ఖరీదు పెట్రోల్లో కట్టలేదు! కానీ మా ఇంజను కింది భాగంలో పట్టే వ్యాసం పది ఇంచీల లోపే. అక్కడ మనకు పెద్దగా స్వేచ్ఛ లేదు. ఉన్న స్వేచ్ఛంతా పిచ్‌లోనే.

ఇక్కడ కాస్త పక్కకు పోతాను. ఈ మర ఫ్యానును పడవలకు తెచ్చినవాళ్ళలో ఒకడైన ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ ఇంజనీరు కాడు, ఇంగ్లండులో ఒక రైతు. గొర్రెలూ గొడ్లూ మేపుకునేవాడు. చిన్నప్పటినుంచీ బొమ్మ పడవల పిచ్చి. 1835లో స్ప్రింగుతో తిరిగే మర పెట్టిన బొమ్మ పడవను తన పొలంలోని చెరువులో నడిపి చూశాడు. 1836 మేలో పేటెంటు తీసుకున్నాడు. అదే ఏడు కొద్ది వారాల తేడాతో జాన్ ఎరిక్సన్ కూడా తన పేటెంటు తీసుకున్నాడు. స్మిత్ మొదట పెట్టింది చెక్కతో చేసిన రెండు చుట్ల పొడుగాటి మర, అచ్చం బోల్టులా. 1837లో కాలవలో పరీక్షిస్తుండగా అది దేనికో తగిలి సగం విరిగిపోయింది. పడవ ఆగిపోవాల్సింది పోయి ఇంకా జోరందుకుంది! పొడుగు మర కన్నా పొట్టి మర మేలని ఆ విరిగిన ముక్క నేర్పింది. ఈ కథ చెబితే మా నాన్న చాలా ఇష్టంగా విన్నాడు. "రైతేనా?" అని రెండుసార్లు అడిగాడు.

1845 ఏప్రిల్‌లో ఇంగ్లీషు నౌకాదళం వాళ్ళు ఫ్యాను ఉన్న 'రాట్లర్' ఓడకూ, పక్కల పెద్ద చక్రాలున్న 'అలెక్టో' ఓడకూ తోకలు కలిపి కట్టి తాడుపోటీ పెట్టారు. రాట్లర్ రెండోదాన్ని రెండు నాట్ల పైచిలుకు వేగంతో వెనక్కి ఈడ్చుకుపోయింది. అందరూ ఆ పోటీ గురించే చెబుతారు. నాకు మాత్రం అంతకుముందు సంగతి నచ్చింది. రాట్లర్‌కు ఏ ఫ్యాను కుదురుతుందో తేల్చడానికి రకరకాల ఫ్యాన్లు మార్చి మార్చి బిగించి నడిపి చూశారు. అంత పెద్ద నౌకాదళానికే ఒక్క చూపులో సంబంధం కుదరలేదంటే, మా లంకవాళ్ళకు కుదరలేదని బాధపడ్డం దేనికి?

ఫ్యానుకు మరో జబ్బుంది, కేవిటేషను. రెక్క వీపున ఒత్తిడి బాగా పడిపోతే అక్కడ నీళ్ళు చల్లగా ఉండగానే మరుగుతాయి. బుడగలు పుట్టి, కాస్త అవతలకు పోగానే చిట్లుతాయి. ఆ చిట్లడంలో లోహం మీద మశూచి మచ్చల్లా గుంటలు పడతాయి. చార్లెస్ పార్సన్స్ తన 'టర్బీనియా' పడవకు 1894లో ఒక్క ఫ్యాను పెడితే ఎంత తిప్పినా వేగం రాలేదు, కారణం ఇదే. చివరికి మూడు ఇరుసులు పెట్టి, ఇరుసుకు మూడు చొప్పున తొమ్మిది ఫ్యాన్లు బిగించాడు. 1897లో విక్టోరియా రాణి ఉత్సవపు నౌకాప్రదర్శనలోకి పిలవని పేరంటంలా దూసుకొచ్చి అందరినీ నోళ్ళు తెరిపించాడు. ఆ పడవ 34 నాట్లు దాటింది. మావాళ్ళు చాలామంది కేవిటేషను అనుకునేది నిజానికి అది కాదు. ఇంజను మరీ ఎత్తుగా బిగిస్తేనో, గబుక్కున మలుపు తిప్పితేనో, పైనుంచి గాలి పీల్చుకుని ఫ్యాను ఒట్టినే గిర్రున తిరుగుతుంది. దానికి మందు ఫ్యాను మార్చడం కాదు, ఇంజను కిందికి దించడం. ఫ్యానుకు పైన ఉండే రేకు పడవ అడుగుతో సమంగా ఉండాలి.

సరే, మా పరీక్షకు వస్తాను. దసరా సెలవుల్లో చేశాం. అప్పటికి పాయ శాంతించింది. మనుషులను ఎక్కించి ప్రయోగం చేయడం నాకు ఇష్టంలేక, ఏభై కిలోల ఇసుక బస్తాలు పన్నెండు వేశాం. నేనూ, సరంగు తాతా, మా పెదనాన్న కొడుకూ, ముగ్గురం లైఫ్ జాకెట్లు తొడుక్కుని ఎక్కాం. తాత మొదట తొడుక్కోనన్నాడు. "ఈ గోనెసంచీ నాకెందుకురా, నేను గోదాట్లోనే పుట్టాను" అని. మొత్తానికి ఒప్పించాం. చుట్లు లెక్కించడానికి స్పార్కుప్లగ్గు తీగకు చుట్టి పెట్టుకునే చిన్న టాకోమీటరు దొరికింది. వేగం సెల్‌ఫోన్లోనే. కానీ సెల్‌ఫోను చూపేది నేల మీద వేగం, నీటి మీద వేగం కాదు. అందుకని ప్రతిసారీ ఎగువకు ఒకసారి, దిగువకు ఒకసారి నడిపి సగటు తీశాను. అలా చేస్తే ప్రవాహం కొట్టేసుకుపోతుంది. పక్క ఊళ్ళో చేపల పడవలవాళ్ళను బతిమాలి 11 పిచ్ ఫ్యాను ఒకటి, 9 పిచ్‌ది ఒకటి అరువు తెచ్చాం.

13 పిచ్‌తో, బస్తాలు లేకుండా: 5,600 చుట్లు, గంటకు 40 కిలోమీటర్లు. అమ్మినాయన చూపించింది అదే, అబద్ధం ఏమీ లేదు. బస్తాలు వేశాక: 4,300 చుట్లు, 14 కిలోమీటర్లు. మా ఇంజనులో గేరు నిష్పత్తి 2.08, అంటే ఇంజను రెండు చుట్లకు పైగా తిరిగితే ఫ్యాను ఒక చుట్టు. 4,300ను 2.08తో భాగించి, 13 ఇంచీలతో హెచ్చించి చూస్తే జారుడు లేకుంటే గంటకు 41 కిలోమీటర్లు పోవాలి. పోయింది 14. మూడింట రెండు వంతులు జారుడే! ఖాళీ పడవకు అదే ఫ్యాను జారుడు నాలుగో వంతు.

9 పిచ్‌తో, బస్తాలతో: 5,200 చుట్లు, 19 కిలోమీటర్లు. ముక్కు దిగింది, ఇంజను గొంతు విప్పింది. తాత నవ్వాడు. ఆయనకు టాకోమీటరు అక్కర్లేదు, "ఐదువేలు దాటింది కదూ" అని ముందే అన్నాడు. అదే ఫ్యానుతో బస్తాలు దించేస్తే చుట్లు ఆరువేలు దాటబోయాయి, చెయ్యి వెనక్కి లాక్కోవలసి వచ్చింది. ఖాళీ పడవను దానితో పూర్తిగా తిప్పకూడదు. 11 పిచ్ మధ్యస్థం: బరువుతో 4,700, ఖాళీగా సరిగ్గా ఆరువేలకు ఇటూ అటూ.

ఆ సాయంత్రం రావిచెట్టు కింద అందరూ చేరారు. కుర్రాళ్ళందరూ 13 ఉంచేద్దామన్నారు. సంక్రాంతికి చుట్టాలొస్తే షికారు తిప్పాలి, పక్క లంకవాళ్ళ పడవను దాటాలి, ఇవీ వాళ్ళ కారణాలు. కొందరు పెద్దలు మధ్యేమార్గంగా 11 అన్నారు. ఎటూ తేలని చోట మధ్యది తీసుకోవడం మనకు అలవాటు కదా. "పద్నాలుగుకీ పంతొమ్మిదికీ ఏముందిరా, అయిదు కిలోమీటర్లేగా! దానికోసం మళ్ళీ డబ్బు పెట్టాలా?" అని ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆ ఇంజను బాకీయే ఇంకా తీరలేదు.

నేను నేల మీద పుల్లతో గీసి చూపించాను. వరద రోజుల్లో పాయ గంటకు 10 కిలోమీటర్ల జోరుతో వస్తోందనుకుందాం. ఎదురుగా పోవాలి. 14లోంచి 10 తీసేస్తే మిగిలేది 4. 19లోంచి 10 తీసేస్తే 9. ప్రవాహం ఇద్దరి దగ్గరా ఒకే పన్ను వసూలు చేస్తుంది. కాబట్టి తక్కువ ఉన్నవాడి దగ్గర మిగిలేది మరీ తక్కువ. అయిదు కిలోమీటర్ల తేడా కాస్తా రెండింతల పైన తేడా అయి కూచుంటుంది. రెండు కిలోమీటర్లు ఎగువకు పోవడానికి మొదటి ఫ్యానుతో అరగంట. రెండోదానితో పదమూడు, పద్నాలుగు నిమిషాలు.

రెండు కిలోమీటర్లు అనగానే ఎవరూ మాట్లాడలేదు. ఆ దూరం ఎక్కడిదో అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. బాబాయి అరుగు చివర కూచుని బీడీ కాలుస్తున్నాడు. "తొమ్మిదే బిగించండి" అన్నాడు. పెదనాన్న కొడుకు కూడా ఇంక షికార్ల మాట ఎత్తలేదు.

తరవాత స్టీలుదా, అల్యూమినియందా అని కొంత చర్చ జరిగింది. స్టీలు రెక్కలు పలచగా, గట్టిగా ఉంటాయి, వంగవు, వేగానికి మంచివి. కానీ మా పాయలో ఇసుకమేట ఏ వారం ఎక్కడుంటుందో చెప్పలేం. వరదలో దుంగలు కొట్టుకొస్తాయి. స్టీలు ఫ్యాను దుంగకు తగిలితే ఆ దెబ్బ లోపలి గేర్ల దాకా పోవచ్చు. అల్యూమినియం రెక్క అయితే వంగిపోయి లేదా విరిగిపోయి దెబ్బను తన మీద వేసుకుంటుంది. ఖరీదు కూడా తక్కువ. బోడె లోపల రబ్బరు బుష్షు ఉంటుంది, అది కూడా కొంత కాపాడుతుంది. ఫ్యాను విరగడం కన్నా గేరు విరగడం పెద్ద ఖర్చని అందరికీ తేలిగ్గానే అర్థమైంది. నాలుగు రెక్కలది మంచిదా అని ఎవరో అడిగారు. నీటి మీద పట్టు పెరుగుతుంది, అదురు తగ్గుతుంది, పైవేగం కాస్త పోతుంది. కానీ మా దగ్గర అంగడిలో మా ఇంజనుకు మూడు రెక్కలదే దొరికింది, దాంతో ఆ చర్చ అక్కడితో సరి.

ఒకటి మాత్రం ఏ పుస్తకంలోనూ చదవలేదు, తాత చెప్పాడు. గుర్రపుడెక్క. ఆకు ఒకటి చుట్టుకుంటే ఏమీ కాదు. తీగలు తీగలుగా ఫ్యాను వెనక ఇరుసుకు చుట్టుకుంటే ఎంత మంచి పిచ్ అయినా దండగే. దానితోపాటు తెగిన వల దారం. అది సీలు లోపలికి కోసుకుపోయి గేరునూనెలోకి నీళ్ళు రానిస్తుంది. కాబట్టి వారానికోసారి ఫ్యాను విప్పి చూడాలన్నాడు. విప్పేటప్పుడు ముందు ఇంజను ఆపుదల తాడు పీకేసి జేబులో పెట్టుకోవాలి. రెక్కకూ పై రేకుకూ మధ్య చెక్కముక్క అడ్డం పెట్టి నట్టు తిప్పాలి. ఇరుసు పళ్ళకు గ్రీజు పూసి బిగించాలి. రెక్క అంచు కొద్దిగా సొట్టపోయినా ఆకురాయితో నున్నగా చెయ్యాలి, లేకపోతే అదురు పుడుతుంది. ఇవన్నీ ఇప్పుడు మా పెదనాన్న కొడుకు చేస్తున్నాడు. వేగం కావాలన్న వాడే ఇప్పుడు రెక్కల అంచులు వేలితో తడిమి చూస్తున్నాడు.

9 పిచ్ అల్యూమినియం ఫ్యాను కొత్తది కొన్నాం. 2025 వానాకాలమంతా అదే నడిచింది. ఉదయం బడిపిల్లలు, పాలక్యాన్లు, పదిన్నరకు గెలలు. ఇంజను మూలుగు లేదు. పెట్రోలు లెక్క రాసే నోటుబుక్కు నాన్న దగ్గరుంది, ఒక ప్రయాణానికి ఖర్చు తగ్గిందని ఆయన అందరికీ చూపిస్తున్నాడు. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు మాత్రం పూర్తిగా తిప్పొద్దని ఇంజను మూత మీద ఎర్ర రంగుతో రాయించాం. అయినా కుర్రాళ్ళు అప్పుడప్పుడూ తిప్పుతారు, తాత తిడతాడు.

పాత 13 పిచ్‌ను అమ్మేద్దామనుకున్నాం, ఎవరూ సరైన ధర ఇవ్వలేదు. గోనెగుడ్డలో చుట్టి, స్పానరుతోనూ చెక్కముక్కతోనూ కలిపి ముందు బల్ల కింద పెట్టెలో పెట్టాం. మేటకు తగిలి ఉన్నది విరిగితే, ఒడ్డు చేరడానికి అదైనా పనికొస్తుంది. కాటరు పిన్నులు మాత్రం ఆరు ఎక్కువే కొన్నాం. బిగించేటప్పుడు అవి చేతిలోంచి జారి నీళ్ళలో పడితే ఇక దొరకవు.